బతుకమ్మకి మా బాబు పట్టులంగా అడుగుతున్నాడు. కొనాలా, వద్దా?

నిజాంపేట_అమ్మ · సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, విసుక్కోకండి.

మాకు పాప ఏడేళ్లు, బాబుకి మొన్ననే నాలుగు నిండాయి. నిన్న పాపకి లంగా జాకెట్టు కొందామని సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్లాం. షాపతను ఒక్కొక్కటీ తీసి పరుస్తుంటే మావాడు ఎర్ర అంచున్న ఆకుపచ్చ లంగాని రెండు చేతులతో పట్టేసుకుని "ఇది నాది" అన్నాడు. నీకు కుర్తా కొంటాను కదరా అన్నాను. "కుర్తా తిరగదు" అన్నాడు. గుండ్రంగా తిరిగితే అక్క లంగా గొడుగులా విచ్చుకుంటుంది, అదీ వాడి బాధ.

షాపతను నవ్వి "తీసుకోండమ్మా, చిన్నపిల్లాడే కదా" అన్నాడు. మా ఆయన మాత్రం బయటికెళ్లి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డారు. కొనలేదు. బండి మీద ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

రాత్రి మా ఆయన "ఇదంతా నువ్వు అలవాటు చేసిందే" అన్నారు. నిజం చెప్పాలంటే పాపకి గోళ్లరంగు వేస్తుంటే వాడూ చెయ్యి చాపాడు, వేశాను. ఇంట్లో అక్క పాత ఫ్రాకులు వేసుకుని తిరుగుతాడు, ఆపలేదు. సద్దుల బతుకమ్మకి అత్తయ్య జనగామ నుంచి వస్తున్నారు. నావల్లే ఇలా అయ్యాడా? ఏం చేయమంటారు?

ఎల్బీనగర్_కోడలు · సోమవారం, రాత్రి 10:52

కొనివ్వండి. నాలుగేళ్లండీ వాడికి.

ముక్కుసూటి · సోమవారం, రాత్రి 11:15

నేను వద్దంటాను. ఇంట్లో ఏమైనా వేసుకోనివ్వండి, ఎవరికీ నష్టం లేదు. అపార్ట్‌మెంట్ కింద రెండొందల మంది ముందు మాత్రం వద్దు. రేపు లిఫ్టులో ఎవడో "ఏంట్రా, ఆడపిల్లవా" అంటే ఆ మాట మోయాల్సింది మీరు కాదు, వాడు. మన మనసు ఎంత విశాలమో పిల్లల ఒంటి మీద వేసి చూపించుకోకూడదు. ఇన్‌స్టాలో ఈ మధ్య ఇదొక ఫ్యాషన్ అయిపోయింది. మీరు అలాంటివారని కాదు, జాగ్రత్త అంటున్నాను.

సైనిక్‌పురి_తాతయ్య · మంగళవారం, ఉదయం 5:50

అమ్మా, నాకు డెబ్బై దాటాయి. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ని, కాబట్టి మీరే కొంచెం ఓపిక పట్టాలి.

మా ఇంటి ముందుగదిలో నలభై ఏళ్లపాటు ఒక ఫొటో వేలాడింది. కరీంనగర్‌లో స్టూడియోకి తీసుకెళ్లి తీయించింది. గౌను, రెండు పిలకజడలు, వాటికి రిబ్బన్లు, బుగ్గ మీద దిష్టిచుక్క. కుర్చీ చెయ్యి పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డ ఆ పాప నేనే. వేములవాడలో పుట్టువెంట్రుకలు తీయించడానికి ముందు రోజు తీశారట. మా అమ్మకి నలుగురం మగపిల్లలమే. ఒక్కసారైనా జడ వేసి చూసుకోవాలని ఆవిడ కోరిక. వచ్చిన చుట్టమల్లా "ఎంత ముద్దుగా ఉన్నాడో" అనేవాళ్లు. ఇది చదువుతున్న మగవాళ్లు పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు పాత ఆల్బమ్ తీసి చూడండి, సగం మందికి ఇలాంటి ఫొటో దొరుకుతుంది.

అమ్మ సరదాపడి వేస్తే ముచ్చట. అదే బట్ట పిల్లాడు తనంతట తాను అడిగితే టెన్షన్. పేర్ల సంగతీ ఇంతే. పిల్లలు దక్కని ఇళ్లలో పుట్టినవాణ్ని చెత్తకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని పేరు పెట్టేవాళ్లు. పిల్లల ఒంటి మీదా పేరు మీదా పెద్దల కోరికలు, పెద్దల భయాలే రాసి ఉండేవి.

ఇదేదో మన దగ్గర మాత్రమే అనుకోకండి. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని రెండున్నరేళ్లప్పుడు, 1884లో తీసిన ఫొటో చూడండి. తెల్ల గౌను, భుజాల దాకా జుట్టు. అక్కడ అప్పట్లో మగపిల్లలకి ఐదారేళ్లు వచ్చేదాకా గౌన్లే వేసేవారు. దానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు, గుడ్డలు మార్చడం, ఉతకడం తేలిక. గులాబీ ఆడపిల్లలకి, నీలం మగపిల్లలకి అనే లెక్క కూడా అనాదిగా వచ్చింది కాదు. 1918లో అక్కడి పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి సరిగ్గా తిరగేసి రాసింది, గులాబీ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకి, నీలం సుకుమారం కాబట్టి ఆడపిల్లలకి అని.

ఎల్బీనగర్_కోడలు · మంగళవారం, ఉదయం 9:05

తాతగారూ, ఆ గులాబీ–నీలం సంగతి భలే చెప్పారు. పుట్టబోయేది ఎవరో ముందే చెప్పడం మన దగ్గర 1994 చట్టం కింద నేరం కదా, పైగా పుట్టకముందే బట్టలు కొనకూడదంటారు. అందుకని మావాడు పుట్టగానే చుట్టింది మా అమ్మమ్మ పాత నూలుచీర ముక్కల్లో. ముదురు గులాబీ! ఇరవై ఒకటో రోజు బారసాలకి చూస్తే హాలంతా నీలం బెలూన్లు, నీలం కేకు. ఆ మూడు వారాల్లో వాడికి తన రంగేంటో ఎవరు చెప్పారో మరి.

ముక్కుసూటి · మంగళవారం, ఉదయం 9:40

తాతగారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ ఫొటో మీకు రెండేళ్లప్పటిది. గౌను వేసుకుని బడికి వెళ్లారా?

సైనిక్‌పురి_తాతయ్య · మంగళవారం, ఉదయం 10:20

వెళ్లలేదు నాయనా, మంచి ప్రశ్న. గుండు అయ్యాక ఆ గౌను మళ్లీ ఎవరూ నాకు తొడగలేదు.

కాకపోతే మన దగ్గర గీత ఎక్కడ గీశారో చూడు. కూచిపూడిలో సత్యభామ వేషం తరతరాలుగా మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ జడ పట్టుకుని వేదిక మీదికి వస్తే ఆడవాళ్లే కళ్లార్పకుండా చూసేవాళ్లు. స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు స్వామివారికే మోహిని అలంకారం. అంటే కళ అయితే సరే, మొక్కయితే సరే, దేవుడైతే దణ్ణం పెడతాం. ఊరికే ఇష్టం కాబట్టి అంటే మాత్రం మనకి మింగుడు పడదు.

ఇద్దరు_కూతుళ్ల_నాన్న · మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్కా, "నువ్వే అలవాటు చేశావు" అన్న మాట గురించి నా అనుభవం చెప్తాను, మాది రివర్స్ కేసు.

పెద్దది పుట్టినప్పుడు నేనూ మా ఆవిడా ఒట్టు పెట్టుకున్నాం, గులాబీ రంగు ఇంట్లోకి రాకూడదని. పసుపు టీషర్టులు, బొమ్మ లారీలు, ప్లాస్టిక్ బ్యాటు. మూడున్నరేళ్లప్పుడు ఒక పెళ్లిలో ఎవరో పిల్ల కుచ్చుల ఫ్రాకు వేసుకుంటే చూసింది, అంతే. ఏడ్చి సాధించి కొనిపించుకుంది. అందులోనే తినడం, అందులోనే పడుకోవడం. జ్వరం వచ్చినా విప్పనివ్వలేదు. మా అమ్మ తీర్పు చెప్పేసింది, "రక్తంలో ఉంటుందిరా" అని.

నేనూ అదే నమ్మాను. తర్వాత ఒక ఆదివారం ఫోన్లో స్పేస్ లేదని పాత వీడియోలు డిలీట్ చేస్తూ వరసగా చూశాను. ఫ్రాకు వేసుకుని గదిలోంచి వస్తే నా గొంతు వినిపిస్తోంది, "అబ్బో, ఎవరీ మహారాణి!" జీన్స్ వేసుకుని వస్తే అదే గొంతు, "చెప్పులేసుకో, టైమైంది." ఒకటి కాదు, ఏడెనిమిది వీడియోల్లో ఇదే. మేం కొన్న లారీలు దానికి గుర్తు లేవు. ఏం వేసుకుంటే నాన్న మొహం వెలుగుతుందో మాత్రం బాగా గుర్తుంది. అంతా నావల్లే అనడం లేదు. కానీ నేను వేలు పెట్టలేదని మాత్రం ఇప్పుడు అనలేను.

చిన్నది పూర్తిగా వేరు. అయిదేళ్లు. జేబు లేని బట్ట ముట్టదు, ఎందుకంటే రాళ్లు ఏరుతుంది, ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా. ఆడపిల్లల ప్యాంట్లకి జేబు ఉన్నట్టు పైన కుట్టు వేస్తారు గానీ వేలు కూడా దూరదు. మగపిల్లల వైపు వెళ్లి కొంటాను. దానికి అందరూ మెచ్చుకునేవాళ్లే. "కొడుకు లేని లోటు తీర్చింది" అంటారు. పిల్ల ప్యాంటు వేస్తే ప్రమోషన్, పిల్లాడు లంగా అడిగితే డిమోషన్.

ఎల్బీనగర్_కోడలు · మంగళవారం, మధ్యాహ్నం 1:48

డిమోషన్! కరెక్ట్. "మగరాయుడు" అంటే తిట్టులో సగం మెచ్చుకోలు ఉంటుంది. "ఆడంగి" అన్నదాంట్లో ఆ సగం ఎక్కడా లేదు. ధర్నాల్లో ఆఫీసర్ల టేబుల్ మీద గాజులు, చీర పెట్టి వస్తారు చూడండి, అవి పెట్టేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు.

పాతబస్తీ_పోరడు · మంగళవారం, సాయంత్రం 6:10

తల్లిదండ్రుల ప్రభావం అంటున్నారు కదా, మా గల్లీ దగ్గరి సంగతి వినండి. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉంది. రెండంతస్తులు, పొడవు 176 అడుగులు అని చెప్తారు. ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర మనిషి చిన్నగా కనిపిస్తాడు. ఒకసారి వేసిన బట్ట మళ్లీ వేయలేదంటారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ఏమో ప్రపంచంలోనే పెద్ద ధనవంతుడై ఉండి, పాత టోపీ, నలిగిన షేర్వాణీతో కాలం గడిపాడు. నాన్నని చూసి నేర్చుకున్నాడా, నాన్నని చూసి విసిగిపోయాడా, మీరే చెప్పండి.

కొత్త_నాన్న · మంగళవారం, రాత్రి 8:30

ఎవరూ సూటిగా అడగట్లేదు కాబట్టి నేను అడుగుతాను. ఇలాంటివి చిన్నప్పుడే డాక్టర్‌కి చూపించాలా? పెద్దయ్యాక వేరేలా అవుతాడేమో అన్న భయం ఆ తండ్రికి ఉంటుంది కదా. తప్పుగా అనుకోకండి.

చిన్నబడి_టీచర్ · మంగళవారం, రాత్రి 9:45

దసరా సెలవులు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. పదకొండేళ్లుగా నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలతోనే నా పని.

మా క్లాసులో ఒక మూల అట్టపెట్టెలో పాత దుపట్టాలు, టోపీలు, కండువాలు, ఒక పోలీసు బెల్టు, రెండు డజన్ల ప్లాస్టిక్ గాజులు ఉంటాయి. మూడేళ్లవాళ్లు చేతికి ఏది తగిలితే అది వేసుకుంటారు. నాలుగు దాటేసరికి వాళ్లే పోలీసులవుతారు. "నువ్వు బాయ్‌వి, గాజులు తీసెయ్" అని ఒకరినొకరు సరిచేసుకుంటారు. నేను ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్లకి తాను అబ్బాయో అమ్మాయో చెప్పగలరు గానీ, జుట్టు మారినా బట్ట మారినా మనిషి మారడన్న నమ్మకం కుదిరేది అయిదు నుంచి ఏడేళ్ల వయసులో. అమెరికా మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ 1966లోనే ఈ సంగతి రాశాడు. కిందటేడు ఒక పాప గుండుతో వస్తే పక్కవాడు చాలా సీరియస్‌గా అడిగాడు, "నువ్విప్పుడు అబ్బాయివా? మళ్లీ ఎప్పుడు మారతావ్?" కాబట్టి కొంతమంది ఈ వయసులో తమ "జట్టు" బట్టల్ని గట్టిగా పట్టుకుంటారు. పై అన్నగారి పెద్దపాప అదే బాపతు. 2014లో అమెరికాలో సరిగ్గా ఈ కుచ్చుల ఫ్రాకు పిచ్చి మీదే అధ్యయనం చేస్తే, పిల్లల పట్టుదలకీ అమ్మానాన్నల ఇష్టానికీ పెద్దగా లంకె దొరకలేదు. నిజాంపేట అమ్మగారూ, గోళ్లరంగుకి మీరు ఇంత శిక్ష వేసుకోనక్కర్లేదు.

కొత్త నాన్నగారికి. లంగా అడిగాడని డాక్టర్ అక్కర్లేదు. అది తిరిగే బట్ట, వాడికి తిరగడం ఇష్టం. ఒకవేళ ఎవరైనా పిల్లలు నెలల తరబడి, సంవత్సరాల తరబడి "నేను అబ్బాయిని కాదు" అని బాధపడుతుంటే, అప్పుడు పిల్లల సైకాలజిస్టుతో మాట్లాడటం మంచిది. పిల్లాడిని మార్చడానికి కాదు, వాడికీ ఇంట్లోవాళ్లకీ తోడుగా ఉండటానికి. "మార్చేస్తాం" అనేవాళ్ల గడప తొక్కకండి. అలాంటి చికిత్సని జాతీయ వైద్య కమిషన్ 2022లో డాక్టర్ల వృత్తి తప్పిదాల కింద చేర్చింది.

ముక్కుసూటి గారి భయం మాత్రం గాలిమాట కాదు. పిల్లలు ఏడిపిస్తారు. నేను చూస్తూనే ఉంటాను.

పేరు_వద్దు · మంగళవారం, రాత్రి 11:58

రాయాలా వద్దా అని రెండుసార్లు టైప్ చేసి తీసేశాను.

నాకు ఆరేళ్లప్పుడు మా పెద్దక్క ఓణీ, పసుపుది, భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. నాన్న చూశారు. బెల్టు తీశారు. దెబ్బలు ఎన్నో గుర్తు లేదు. గుర్తున్నది తర్వాత అమ్మ చేసిన పని. ఆ ఓణీని మడిచి, నాకు అందకుండా బీరువా పైన, సూట్‌కేసుల వెనక పెట్టింది. అక్క అడిగితే చిరిగిందని చెప్పింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు పద్నాలుగేళ్ల తర్వాత అది బయటపడింది. చిరగలేదు.

ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాను. పెద్దయ్యాక నేను ఏమయ్యానన్నది ఇక్కడ రాయను. అది తెలిస్తే ఆ బెల్టు దెబ్బ సరైందో కాదో తేలుతుందని ఎవరికైనా అనిపిస్తోందా?

నిజాంపేట అక్కా, కొనండి, కొనకండి, మీ ఇష్టం. వద్దనేటట్టయితే వద్దని వాడికి చెప్పండి. చిరిగిందని చెప్పకండి.

నిర్వాహకురాలు · బుధవారం, ఉదయం 8:00

రాత్రి వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను, ఎందుకో రాసినవారికి తెలుసు. పిల్లల ఫొటోలు ఇక్కడ పెట్టకండి, ముద్దొచ్చినా సరే.

కుట్టుమిషను · బుధవారం, ఉదయం 11:20

దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరింగ్ చేస్తాను. బతుకమ్మ ముందు నాకు నిద్రే ఉండదు, గబగబా రాస్తున్నా.

కొనాలని తేల్చుకుంటే ఒకటే మాట. నాలుగేళ్ల పిల్లలకి నడుము నిలవదు, బొందు లంగా జారిపోతుంది. బాడీలంగా కుట్టించండి, పైన చేతుల్లేని కాటన్ బాడీకే లంగా కలిపి కుట్టేస్తాం, భుజాల మీద నిలుస్తుంది. పొడవు 22 అంగుళాలు సరిపోవచ్చు, కొలిచి చూడండి. కింద రెండు టక్కులు వేయిస్తే వచ్చే ఏడు విప్పుకోవచ్చు. జరీ గుచ్చుకోకుండా లోపల లైనింగ్ తప్పనిసరి. పక్క కుట్టులో జేబు పెట్టమంటే పెడతాం, పది నిమిషాల పని. ఇన్నేళ్లలో ఆడపిల్లల తల్లులు జేబు అడిగింది రెండు మూడుసార్లు. అడిగితే కదా కుట్టేది.

మగపిల్లాడికి లంగా కుట్టడం నాకు కొత్తేం కాదు. వెంట్రుకలు తీయించే ముందు ఫొటో కోసమని ఏడాదికి నాలుగైదు వస్తూనే ఉంటాయి.

నిజాంపేట_అమ్మ · తర్వాతి బుధవారం, రాత్రి 11:10

అందరికీ థాంక్స్. చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

కుట్టించాను. ఆకుపచ్చ దొరకలేదు, నీలం మీద పసుపు అంచు. జేబుతో సహా. పాప కూడా నాకూ జేబు కావాలంది, దానిదీ విప్పించి పెట్టించాను.

అత్తయ్య పొద్దున దిగారు. దండెం మీద రెండు లంగాలు చూసి, చిన్నది ఎవరిదని అడిగారు. చెప్పాను. ఏమీ అనలేదు, గునుగు పూలు కత్తిరించడానికి కూర్చున్నారు. సాయంత్రం తాంబాళం ఎత్తుకుని కిందికి దిగాక, మా పైఫ్లోర్ ఆవిడ వాణ్ని చూసి "ఇదేంటి పెద్దమ్మా" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "ఎల్లమ్మకి మొక్కుంది" అన్నారు. ఏ మొక్కూ లేదు! ఆవిడ వెంటనే "అవునా, మంచిది" అని వాడికి బొట్టు పెట్టి వెళ్లింది. తాతగారూ, మీరు గుర్తొచ్చారు.

ఆటలో మావాడు ఒక్కచోట నిలబడలేదు. అందరూ వలయంగా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే వీడు మధ్యలో బొంగరం. మా ఆయన కిందికి రాలేదు. పని ఉందన్నారు. మర్నాడు ఫోన్ చూస్తే బాల్కనీ నుంచి జూమ్ చేసి తీసిన వీడియో ఉంది, రెండు నిమిషాలది. నేను చూశానని ఆయనకి ఇంకా చెప్పలేదు.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. రాత్రి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెడుతూ, వాడు నడుం దాకానే కనపడేలా కత్తిరించి పెట్టాను. అలా పెట్టమని ఎవరూ అనలేదు. మా ఆయన్ని ఇన్ని మాటలు అనుకున్నాను గానీ, పంపేశాక చూసుకుంటే ఆ పని చేసింది నేనే.

ముక్కుసూటి · బుధవారం, రాత్రి 11:31

నిజాయితీగా రాశారు. లిఫ్టులో ఎవరైనా ఏమైనా అన్నారా?

నిజాంపేట_అమ్మ · బుధవారం, రాత్రి 11:44

అన్నారు. ఆరో ఫ్లోర్ పిల్లాడు, రెండో క్లాసు. "నువ్వు గర్ల్‌వా" అన్నాడు. మావాడు "కాదు, తిరుగుతుంది చూడు" అని లిఫ్టులోనే తిరగబోయి గోడకి గుద్దుకున్నాడు. పడుకునేటప్పుడు మాత్రం మళ్లీ అడిగాడు, "వాడు ఎందుకలా అన్నాడు" అని. వాడికి తెలియక అన్నాడు అన్నాను. సరిపోలేదు వాడికి. నాకూ సరిపోలేదు.

ఇద్దరు_కూతుళ్ల_నాన్న · గురువారం, ఉదయం 7:15

జేబులో ఏం పెట్టాడక్కా?

నిజాంపేట_అమ్మ · గురువారం, ఉదయం 7:50

నలిగిన తంగేడు పూలు, సగం కొరికిన మలీద ముద్ద, పార్కింగ్‌లో దొరికిన బోల్టు. మలీద నూనె లైనింగ్‌కి అంటుకుంది, నానబెట్టాను.

ఎల్బీనగర్_కోడలు · గురువారం, ఉదయం 8:20

కుట్టుమిషను గారూ, మా పాపకి జేబుతో ఒక బాడీలంగా కావాలి. కొలతలు పంపనా?

కుట్టుమిషను · గురువారం, ఉదయం 8:24

దీపావళి దాకా ఖాళీ లేదమ్మా.